స్టార్టర్ పెట్టెలో చీకటి గది

చిత్తూరు జిల్లాలో బంగారుపాళ్యం నుంచి పలమనేరు దాకా ఏ మామిడి తోపులోకి పోయినా బోరు పక్కన రాతికూసానికి బిగించిన ఇనుప పెట్టె ఒకటి కనబడుతుంది. స్తంభం మీది నుంచి అందులోకి మూడు తీగలు దిగుతాయి. ఏ రెండింటి మధ్య కొలిచినా 415 ఓల్టులు. అదే పెట్టెలో, వాటికి జానెడు దూరంలో, ఒక సిమ్ కార్డు ఉంటుంది. దాని పక్కనున్న చిప్పులకు మూడు నాలుగు ఓల్టులు చాలు. పది ఓల్టులు తగిలితే మాడిపోతాయి. రైతు ఊళ్లో టీ బంకు దగ్గర కూర్చుని ఆ సిమ్ నంబరుకు ఫోను కొడతాడు. మూడు ఫేజులూ ఉన్నాయని, మోటారు ఆడుతోందని పెట్టె తెలుగులోనే జవాబు చెబుతుంది.

415 ఓల్టుల సంగతి మూడు ఓల్టుల చిప్పుకు ఎవరు చెప్పినట్టు? నేరుగా తీగ కలిపి చెప్పించడానికి లేదు. కలిపితే చిప్పు పోవడం చిన్న నష్టం. బటన్లు, యాంటెన్నా, చార్జింగ్ సాకెట్టు అన్నీ ఆ చిప్పు వైపే ఉంటాయి. మడికి నీళ్లు కట్టి తడి చేతులతో వచ్చిన మనిషి ముట్టుకునేది వాటినే. ఆ రెండు లోకాలనూ కలపకుండా, కబురు మాత్రం దాటించే వస్తువు ఆప్టోకప్లర్. వేలిగోరు మీద పట్టేంత నల్లటి ముక్క, నాలుగు కాళ్లు. చిల్లరగా కొన్నా పది రూపాయల లోపే.

ఈ పెట్టె మన వైపు ఎందుకొచ్చిందో ముందు చెప్పుకోవాలి. చెరువులు నిండక, దిగుడు బావులు అడుగంటి, సేద్యం బోర్ల మీద పడింది. బోర్లు వందల అడుగులు దాటి వెయ్యి అడుగుల లోతుకు పోయాయి. వాటిని ఆడించే త్రీ ఫేజ్ కరెంటు రోజంతా ఉండదు. ఏళ్ల తరబడి అది వంతుల వారీగా వచ్చేది, సగం వంతు రాత్రి పూటే. 2004 మే 14న వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చాక బిల్లు బెంగ తీరింది గాని, అర్ధరాత్రి లేచి తోటకు పోయే బాధ తీరలేదు. చీకట్లో గట్టు మీద పాము, స్టార్టర్ దగ్గర షాకు. రాయలసీమ పల్లెల్లో ఈ రెండింటికీ బలైన ఇల్లు లేని ఊరు అరుదు. కరెంటు రాగానే దానంతట అదే మోటారును వేసే ఆటో స్టార్టర్ అందుకే పుట్టింది. ఆ తర్వాత దానికే సిమ్ తోడైంది.

మనిషి చేసే పనిని పెట్టెకు అప్పజెప్పాలంటే, మనిషి చూసేది కూడా దానికి చూపించాలి. రైతు స్టార్టర్ నొక్కేముందు పెట్టె మీది మూడు బల్బులు వెలుగుతున్నాయా అని చూసుకునేవాడు. ఒకటి వెలగకపోతే ఫేజు పోయినట్టు. చూసుకోకుండా నొక్కితే మోటారు మూలుగుతుంది, వైండింగ్ కాలుతుంది, వేల రూపాయల రీవైండింగ్ ఖర్చు నెత్తిన పడుతుంది. పైపులన్నీ పైకి లాగి మళ్లీ దించే కూలీ దానికి అదనం. ఆటో స్టార్టర్‌లో ఆ బల్బులను చూసే కన్ను ఆప్టోకప్లర్. ఇది మాటవరసకు అన్నది కాదు, దాని లోపల నిజంగానే ఒక బల్బూ ఒక కన్నూ ఉంటాయి.

కలపకుండా కబురు పంపే తిప్పలు దీనితో మొదలు కాలేదు. 1831లో మైకేల్ ఫారడే ఒక ఇనుప కడియానికి రెండు తీగచుట్లు చుట్టి, ఒకదానిలో కరెంటు మారితే రెండో దానిలో కరెంటు పుడుతుందని చూపించాడు. ట్రాన్స్‌ఫార్మర్‌కు మూలం అదే. అయితే అది మారే కరెంటునే దాటిస్తుంది, నిలకడగా ఉన్న దాన్ని దాటించదు. పైగా రాగి, ఇనుము, బరువు. టెలిగ్రాఫ్ కాలంలో రిలే వచ్చింది: ఈ వైపు తీగచుట్టలో కరెంటు పారితే అయస్కాంతమై ఆ వైపు స్విచ్చును లాగుతుంది. రిలే నమ్మకమైనది, ఇప్పటికీ మన స్టార్టర్లో టకటకమంటూనే ఉంది. కాని దాని కాంటాక్టులు నిప్పురవ్వలకు అరిగిపోతాయి, దుమ్ము పడితే అంటుకోవు. సెకనుకు వేలసార్లు మాట్లాడమంటే దాని వల్ల కాదు.

కాంతితో ఆ పని చేయించవచ్చన్న ఊహకు రెండు ముక్కలు కావాలి: కరెంటు ఇస్తే వెలిగే చిన్న రాయి, వెలుగు పడితే కరెంటు పారించే చిన్న రాయి. రెండోది ముందు దొరికింది. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో జాన్ షైవ్ తయారు చేసిన ఫోటోట్రాన్సిస్టర్‌ను ఆ సంస్థ 1950లో లోకానికి ప్రకటించింది. మొదటిదాని కోసం ఇంకో పదేళ్లు ఆగాల్సి వచ్చింది. 1961 సెప్టెంబరులో డల్లాస్‌లోని టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో జేమ్స్ బియార్డ్, గ్యారీ పిట్‌మన్ అనే ఇద్దరు గాలియం ఆర్సెనైడ్ మీద చేసిన ఒక డయోడ్‌తో కుస్తీ పడుతున్నారు. వాళ్లు వెతుకుతున్నది వెలుగును కాదు. ఆ డయోడ్ మాత్రం పరారుణ కాంతి చిమ్మింది, కంటికి కనబడని ఎరుపు అవతలి వెలుగు. నెల తిరక్కముందే ఇద్దరూ కలిసి ఆ వెలుగును ఎదురుగా ఉన్న ఒక కన్ను మీద పడేసి, రెండింటి మధ్య ఏ తీగా లేకుండా సంకేతం దాటించి చూపించారు. 1962 అక్టోబరులో ఆ కంపెనీ ఈ పరారుణ ఎల్‌ఈడీని అమ్మకానికి పెట్టింది. ఒక్కొక్కటి 130 డాలర్లు.

అదే నెలలో జనరల్ ఎలక్ట్రిక్‌లో నిక్ హోలోన్యాక్ కంటికి కనబడే ఎర్రటి ఎల్‌ఈడీ చేశాడు. పేరు ఆయనకే ఎక్కువ వచ్చింది. కనబడే దీపానికి ఉన్న గౌరవం కనబడని దీపానికి ఉండదు. కాని ఆప్టోకప్లర్‌కు పనికొచ్చింది ఆ కనబడనిదే, ఎందుకంటే సిలికాన్ కన్నుకు పరారుణం బాగా ఆనుతుంది. 1963లో అక్మెన్‌కాల్న్స్, ఆయన సహచరులు వెలిగే రాయినీ చూసే రాయినీ జత కట్టే పరికరానికి పేటెంటు దరఖాస్తు పెట్టారు. ఎల్‌ఈడీలు అంగట్లో చౌక కావడం 1960ల చివర మొదలైంది. 1970లు ముగిసేసరికి ఇవాళ మనం వాడే ఆప్టోకప్లర్ రకాలన్నీ దాదాపుగా వచ్చేశాయి. ఆరు కాళ్ల 4ఎన్25, 4ఎన్35 ఆ తరం పెద్దలు. నాలుగు కాళ్ల 817 ఆ తర్వాతది. జపాన్ షార్ప్ కంపెనీ పీసీ817 అని అమ్మింది. తైవాన్ కంపెనీలు ఎవర్‌లైట్ ఈఎల్817 అని, లైట్-ఆన్ ఎల్‌టీవీ817 అని అమ్మాయి. కంపెనీ ఏదైనా కాళ్ల వరస ఒకటే. అందుకే ఏ రిపేరు అంగడిలో అడిగినా ‘ఎయిట్ వన్ సెవెన్’ అంటే చాలు, చేతికిస్తారు.

లోపల ఏముందో చూద్దాం. 817ను పదునైన బ్లేడుతో, ఓపికతో అడ్డంగా కోస్తే బయట నల్లటి రెసిన్, దాని లోపల కాంతి పారే తెల్లటి రెసిన్ కనబడతాయి. మధ్యలో రెండు లోహపు పలకలు ఒకదానికొకటి ఎదురుగా నిలబడి ఉంటాయి. ఒక పలక మీద ఆవగింజ కన్నా చిన్న ఎల్‌ఈడీ రాయి, ఇంకో పలక మీద ఫోటోట్రాన్సిస్టర్ రాయి. రెండింటి మధ్య ఎడం మిల్లీమీటరులో సగం అటూ ఇటూ. బయటి వెలుగు చొరబడని చీకటి గది, ఒక గోడకు దీపం, ఎదుటి గోడకు కన్ను. గది ఇవతలి నుంచి అవతలికి లోహం అన్నది లేదు. దాటేది కాంతి ఒక్కటే, అదీ ఒకే దిక్కుకు. కన్ను వైపు ఎంత గందరగోళం జరిగినా దీపానికి తెలియదు.

నిజానికి కాంతి తప్ప మరేదీ దాటదు అనడం కూడా పూర్తిగా సరికాదు. ఎదురెదురుగా ఉన్న రెండు లోహపు ముక్కలు ఎంత చిన్నవైనా కాస్త కెపాసిటర్‌లా పనిచేస్తాయి. 817లో ఆ కెపాసిటెన్సు మామూలుగా 0.6 పికోఫారడ్. 50 హెర్ట్జ్, 415 ఓల్టుల దగ్గర లెక్క కడితే అందులోంచి దాటే కరెంటు మైక్రో ఆంపియర్‌లో పదో వంతు కూడా ఉండదు. చేతికి చురుక్కుమని తెలియాలంటే దానికి పదివేల రెట్లు కావాలి. అదే చోట ఆప్టోకప్లర్ లేకుండా లైను తీగ తిన్నగా బటన్ దాకా వచ్చిందనుకోండి. తడిసిన ఒంటి నిరోధం వెయ్యి ఓములు అనుకుంటే ఫేజు నుంచి నేలకు 240 మిల్లీ ఆంపియర్లు పారతాయి. గుండె లయ తప్పడానికి అందులో సగం అక్కర్లేదు.

వెయ్యి ఓల్టుల వైపు నుంచి వచ్చినా, పది ఓల్టుల వైపు నుంచి వచ్చినా దీపానికి కావలసింది ఒకటి రెండు మిల్లీ ఆంపియర్లు, తన మీద 1.2 ఓల్టులు. స్టార్టర్లో ఫేజు తీగ ముందు రెసిస్టర్ల వరస గుండా వస్తుంది. ఒక్క రెసిస్టర్ కాకుండా వరస ఎందుకంటారా? మామూలు పావు వాట్ రెసిస్టర్ 250 ఓల్టులకే తయారైంది. 415 ఓల్టుల అల ఎత్తు 587 దాకా లేస్తుంది. అందుకని రెండు మూడింటిని గొలుసుగా పెట్టి భారం పంచుతారు. ఒక్కటితో సరిపెట్టిన బోర్డు కొన్నాళ్లు బాగానే ఆడి, ఒక వేసవి మధ్యాహ్నం ఆ రెసిస్టర్ పెటిల్లుమంటుంది.

దీపం వెలగడమూ నిలకడగా వెలగడం కాదు. ఏసీ కరెంటు అల పైకి లేచినప్పుడు వెలుగుతుంది, కిందికి దిగినప్పుడు ఆరుతుంది. సెకనుకు 50 వెలుగులు, ఒక్కో వెలుగుకూ మధ్య 20 మిల్లీ సెకన్లు. అవతల కన్ను తెరుచుకున్న ప్రతిసారీ చిప్పు కాలు ఒకసారి కిందికి లాగబడుతుంది. చిప్పు వాటిని లెక్కపెడుతుంది. మూడు ఫేజులకు మూడు ఆప్టోకప్లర్లు పెడితే అసలు తమాషా మొదలవుతుంది. మూడు ఫేజుల అలలు ఒకదాని వెనక ఒకటి, 6.67 మిల్లీ సెకన్ల ఎడంతో వస్తాయి. కాబట్టి చిప్పుకు ఫేజు ఉందా లేదా అన్నదే కాదు, ఏది ముందు ఏది వెనక అన్నది కూడా తెలుస్తుంది. లైన్‌మన్ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర రిపేరు చేసి రెండు తీగలు తారుమారుగా కలిపాడనుకోండి, వరస తిరగబడుతుంది, వెయ్యి అడుగుల లోతున మోటారు ఎదురు తిరుగుతుంది. పైన నిలబడ్డవాడికి మోటారు ఆడుతున్న చప్పుడే వినబడుతుంది, నీళ్లు మాత్రం రావు. ఆ తప్పు మోటారు వేయకముందే పట్టుకునేది ఈ మూడు ముక్కలు. చిప్పు మీద వేరే ఏ హంగూ అక్కర్లేదు, గడియారం ఉంటే చాలు.

అన్నిసార్లూ ఇంత తేలిగ్గా దొరకదు. ఆడుతున్న మోటారుకు మధ్యలో ఒక ఫేజు పోతే అది వెంటనే ఆగదు. మిగిలిన రెండింటి మీద ఈడ్చుకుంటూ తిరుగుతుంది. తిరుగుతున్నంతసేపూ పోయిన ఫేజు తీగలో తానే ఓల్టేజీ పుట్టిస్తుంది. ఆ ఓల్టేజీకి దీపం వెలుగుతుంది, కన్ను చూస్తుంది, చిప్పు ‘మూడూ ఉన్నాయి’ అనుకుంటుంది. వైండింగ్ మాత్రం లోపల కాలుతూ ఉంటుంది. ఆప్టోకప్లర్ అబద్ధం చెప్పలేదు, వెలుగు నిజంగానే ఉంది. అడిగిన ప్రశ్నే చాలలేదు. అందుకే మంచి స్టార్టర్లలో తీగ చుట్టూ ఒక చిన్న కాయిల్ కూడా తొడిగి, ఏ ఫేజులో ఎంత కరెంటు పారుతోందో చూస్తారు. చౌక రకాల్లో ఆ కాయిల్ ఉండదు. కొనేవాడు అడగాల్సింది ఇదీ, పెట్టె మీద ఎన్ని లైట్లున్నాయని కాదు.

ఇక 5,000 ఓల్టుల మాట. 817 కాగితాల మీద పెద్ద అక్షరాల్లో ఉండే అంకె అదే. చాలామంది దీన్ని పిడుగుకు కూడా అభయమిచ్చే కవచంగా చదువుకుంటారు. ఆ పరీక్ష ఎలా చేస్తారో కిందే రాసి ఉంటుంది. దీపం కాళ్లు రెండూ ఒకటిగా కలిపి, కన్ను కాళ్లు రెండూ ఒకటిగా కలిపి, మధ్య 5,000 ఓల్టుల ఏసీ ఒక నిమిషం పెడతారు. గాలిలో తేమ 40 నుంచి 60 శాతం ఉండాలి. ముక్క శుభ్రంగా ఉండాలి. అంటే అది ఆ నల్ల ముక్క ఒక్కదాని సత్తా. దాన్ని అతికించిన బోర్డు సంగతి, బోర్డును పెట్టిన పెట్టె సంగతి, పెట్టె తలుపు మూయని మన సంగతి ఆ కాగితానికి తెలియదు.

పాకాల దగ్గర ఒక రీవైండింగ్ షాపులో బల్ల మీద విప్పిన స్టార్టర్ బోర్డును చూశాను. ఆప్టోకప్లర్ కింద, సరిగ్గా దీపం కాళ్లకూ కన్ను కాళ్లకూ మధ్య, బోర్డు మీద నల్లటి గీత ఒకటి చెట్టుకొమ్మలా చీలికలు పోయి కాలి ఉంది. పిడుగు పడిందా అని అడిగాను. మెకానిక్ నవ్వాడు.

“పిడుగు గాదు సామీ, బల్లి. రాత్రిపూట ఎచ్చగా ఉంటాదని పెట్టెలో దూరతాది. దాని మూత్రం, దుమ్ము, మంచు అన్నీ గలిసి ఆడ దోవ పడతాది. ముక్క బాగనే ఉండాది చూడు, దాని కిందే కాలింది.”

అతను చెప్పింది అక్షరాలా నిజం. ఆ 817ను ఊడదీసి, మల్టీమీటరుతో దీపం కాళ్ల మధ్య డయోడ్ లెక్క చూశాడు, ఒకటిన్నర లోపు వచ్చింది. రెండు పెన్సిల్ సెల్లులూ ఒక రెసిస్టరూ కలిపి దీపానికి కరెంటిచ్చి, కన్ను వైపు ఓములు చూశాడు. దీపం పెడితే అంకె పడిపోయింది, తీస్తే లేచింది. ముక్కకు ఏమీ కాలేదు. గది గోడలు గట్టివే, దొంగ ఇంటి చుట్టూ తిరిగి వచ్చాడు.

బోర్డు గీసేవాళ్లకు ఈ దొంగ కొత్త కాదు. కాళ్ల మధ్య ఎడం ముక్కలోనే 7.62 మిల్లీమీటర్లుగా ఖరారై ఉంది. బోర్డు మీద రాగి మచ్చలు వేస్తే అది ఇంకా తగ్గుతుంది. గాలిలో ఆ ఎడం 415 ఓల్టులకు ఎక్కువే. కాని బోర్డు ఉపరితలం మీద తేమా దుమ్మూ పేరుకున్నప్పుడు కరెంటు దాని వెంబడి పాకుతుంది, పాకిన దారి మసిబారుతుంది, మసి ఇంకాస్త కరెంటును పాకనిస్తుంది. దీనికి మందు చాలా మోటుది: ఆప్టోకప్లర్ కింద బోర్డును సన్నగా కోసి పారేయడం. పాత ఫోన్ చార్జరు ఏదైనా విరిస్తే, అందులో ఈ నల్ల ముక్క ఉంటే, దాని పొట్ట కింద తరచుగా ఒక సన్నటి కోత కనబడుతుంది. చూడని కళ్లకు అది తయారీ లోపంలా ఉంటుంది. పాకడానికి నేల లేకుండా చేయడం దాని ఉద్దేశం. ఆ మెకానిక్ కూడా చేసిందదే. చిన్న రంపపు బ్లేడుతో కాలిన గీతను కోసి తీసేశాడు, ఆ ఖాళీ అంచులకు వార్నిష్ పూశాడు, అదే ముక్కను మళ్లీ అతికించాడు. పెట్టె అడుగున తీగలు దిగే రంధ్రాన్ని ఎం-సీల్‌తో మూయమని రైతుకు చెప్పి పంపాడు.

ఇంకో మాట కూడా ఇక్కడే అనాలి. ఆప్టోకప్లర్ ఉంది గదా అని ఎర్తింగ్ మానేయడం ప్రాణాలతో చెలగాటం. చిప్పు వైపు ఎంత భద్రంగా ఉన్నా, ఫేజు తీగ ఊడి ఇనుప పెట్టె ఒంటికి తగిలితే ఆప్టోకప్లర్ చేసేదేమీ లేదు. దాన్ని పట్టేది బొగ్గూ ఉప్పూ వేసి పాతిన ఎర్త్ పైపు, దానికి తడి ఉంటేనే. ఎండాకాలంలో దానికి ఒక బిందె నీళ్లు పోసేవాళ్లు ఎంతమంది?

స్టార్టర్ ఒక్కదానితో దీని కథ ముగియదు. మన వైపు నుంచి ఇది పెద్ద సంఖ్యలో పోతోంది, పేరు చెప్పకుండా. పేటమిట్టలో పుట్టి, అమెరికాలో ఇంజనీరుగా పనిచేసి తిరిగొచ్చిన గల్లా రామచంద్రనాయుడు 1985లో తిరుపతి పక్కన కరకంబాడిలో అమర రాజాను నెలకొల్పారు. తిరుపతి చుట్టుపక్కల విద్యుత్ ఎలక్ట్రానిక్స్ పరిశ్రమకు అది తొలి పునాది. 2015లో శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ ఫోన్లు బిగించడం మొదలైంది. రేణిగుంట దగ్గర ఎలక్ట్రానిక్స్ క్లస్టర్లలో ఇప్పుడు టీవీలు తయారవుతున్నాయి. టీవీ వెనక మూత తీస్తే పవర్ బోర్డులో ఈ నల్ల ముక్క ఒకటో రెండో ఉంటాయి. అక్కడ దీని పని స్టార్టర్‌లో చేసిన దానికి తలకిందులు. స్టార్టర్‌లో కబురు పెద్ద ఓల్టేజీ నుంచి చిన్న ఓల్టేజీకి దాటింది. టీవీలో చిన్న వైపు నుంచి పెద్ద వైపుకు దాటుతుంది.

గోడ నుంచి వచ్చే 230 ఓల్టులను టీవీ బోర్డు తరిగి, చిన్న ట్రాన్స్‌ఫార్మర్ గుండా 12 ఓల్టులుగా దించుతుంది. 12 పదమూడైతే? తగ్గించమని తరిగేవాడికి చెప్పాలి, వాడేమో 230 ఓల్టుల వైపు ఉన్నాడు. 12 ఓల్టుల వైపు టీఎల్431 అనే మూడు కాళ్ల చిప్పు కాపలా ఉంటుంది. 1977లో వచ్చిన ఈ చిప్పు లోపల 2.5 ఓల్టుల కొలబద్ద ఉంటుంది. ఓల్టేజీ పెరిగితే ఆప్టోకప్లర్ దీపాన్ని ఇంకాస్త వెలిగిస్తుంది, కన్ను ఇంకాస్త తెరుచుకుంటుంది, అవతల తరుగుడు తగ్గుతుంది. ఇక్కడ దీపం వెలగడమూ ఆరడమూ కాదు, ఎంత వెలుగు అన్నది ముఖ్యం. ఈ జంట ఎంత పాతదైనా, టీఎల్431, 817 కలిసి కాపురం చేయని పవర్ సప్లై ఇటీవలి దాకా అరుదు. చిన్న ఫోన్ చార్జర్లలో మాత్రం ట్రాన్స్‌ఫార్మర్ మొదటి చుట్టనే చూసి అంచనా కట్టే చిప్పులు వచ్చి, ఆప్టోకప్లర్‌ను చాలావరకు సాగనంపాయి.

ఈ పనిలోనే దీని ముసలితనం బయటపడుతుంది. దీపానికి ఇచ్చిన కరెంటుకు కన్ను ఎంత కరెంటు తిరిగి ఇస్తుందో దాన్ని శాతంలో చెబుతారు. 817లో ఆ శాతం ముక్క ముక్కకూ మారుతుంది: 50 నుంచి 600 దాకా. ఒకే సంచిలోవి కూడా ఒకేలా ఉండవు కాబట్టి ఏ, బీ, సీ, డీ అని ఏరి అచ్చు వేస్తారు. సీ అంటే 200 నుంచి 400. ఏళ్లు గడిచేకొద్దీ, వేడిలో మగ్గేకొద్దీ ఎల్‌ఈడీ వెలుగు మందగిస్తుంది, శాతం దిగజారుతుంది. ఫేజు ఉందా లేదా అని మాత్రమే అడిగే స్టార్టర్‌కు ఆ దిగుదల పట్టదు. టీవీకి పడుతుంది. దీపం మసకబారితే 12 ఓల్టులు పెరిగాయన్న కబురు పూర్తిగా అందదు, తరిగేవాడు ఇంకా ఎక్కువ పంపిస్తాడు. రిపేరు చేసేవాళ్లు కెపాసిటర్లు మార్చినా సద్దు చేయని టీవీకి ఈ పది రూపాయల ముక్కను మార్చి చూడటం అందుకే.

ఇదే ముసలితనం ఆకాశంలో అయితే ఇంకా తొందరగా వస్తుంది. 2022 ఏప్రిల్ నుంచి శ్రీహరికోట తిరుపతి జిల్లాలోదే. అక్కడి నుంచి లేచే ఉపగ్రహాల్లాంటి వాటిలో ఆప్టోకప్లర్ పెట్టాలంటే ఇంజనీర్లు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు. కారణం 1990లలో అమెరికా నేర్చుకున్న పాఠం. 1992లో ఎగిరిన టోపెక్స్-పొసైడన్ అనే సముద్రాలను కొలిచే ఉపగ్రహంలో, థ్రస్టర్ల స్థితిని చెప్పే ఆప్టోకప్లర్లు కొన్నేళ్లకు మూగబోయాయి. అంతరిక్షంలోని ప్రోటాన్లు ఎల్‌ఈడీ రాయిలోని పరమాణువులను చోటు తప్పించి, వెలుగు తగ్గించేశాయి. 1997 ఫిబ్రవరిలో హబుల్ టెలిస్కోపుకు కొత్త పరికరాలు బిగించాక ఇంకో వింత బయటపడింది. దక్షిణ అట్లాంటిక్ మీద రేడియేషన్ చిక్కగా ఉండే చోటు దాటినప్పుడల్లా వాటిలోని వేగవంతమైన ఆప్టోకప్లర్లు లేని కబురు చెప్పాయి. దీపం వెలగలేదు. ప్రోటాన్ ఒకటి చీకటి గది గోడను చీల్చుకుని వచ్చి కన్నును తాకితే, కన్ను దాన్నే వెలుగనుకుంది.

ఆస్పత్రిలో దీని గౌరవం వేరు. తిరుపతి స్విమ్స్‌లోనైనా మరెక్కడైనా, గుండెను నేరుగా తాకే తీగ ఉన్న పరికరం నుంచి రోగి ఒంట్లోకి మామూలు స్థితిలో 10 మైక్రో ఆంపియర్లకు మించి కారకూడదన్నది అంతర్జాతీయ నియమం. ఇందాక స్టార్టర్ దగ్గర లెక్కగట్టిన పదో వంతు మైక్రో ఆంపియర్ ఎందుకంత విలువైనదో ఇక్కడ తెలుస్తుంది. సంగీతంలోనూ ఇది ఉంది. 1983లో కీబోర్డులు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి వచ్చిన మిడీ ప్రమాణం, కబురు అందుకునే వైపు ఆప్టోకప్లర్ ఉండి తీరాలంది. రెండు యంత్రాల ఎర్తులు కలిసి స్పీకర్లలో గుయ్యిమనే రొద రాకుండా.

పోటీ లేదా అంటే ఉంది. ఒకే చిప్పులో వెంట్రుకవాసి తీగచుట్లతో ట్రాన్స్‌ఫార్మర్ గీసి, లేదా సిలికాన్ మీదే కెపాసిటర్ కట్టి కబురు దాటించే డిజిటల్ ఐసోలేటర్లు 2000ల మొదటి నుంచి వస్తున్నాయి. 817 కన్ను తెరిచి మూయడానికి మూడు నాలుగు మైక్రో సెకన్లు తీసుకుంటుంది. వాళ్లు ఆ సమయంలో వందల కబుర్లు పంపేస్తారు, దీపం లేదు కాబట్టి మసకబారడమూ లేదు. విద్యుత్ కార్లలో, సోలార్ ఇన్వర్టర్లలో వాళ్లదే పైచేయి అవుతోంది. కాని సెకనుకు 50 వెలుగులు లెక్కపెట్టే బోరు పెట్టెకు అంత వేగం ఏం చేసుకోను? ధర ఎన్నో రెట్లు, అవతలి వైపు కూడా వేరే కరెంటు కావాలి. 817కు దీపం వైపు కావలసిన కరెంటును ఆ ఫేజు తీగే ఇస్తుంది. కరెంటు ఉంటే వెలుగుతుంది, లేకపోతే ఆరుతుంది. ఆ ఆరడమే కబురు.

పెట్టె చెప్పిన కబురు నిజమైనంత మాత్రాన ఊరికి మంచి జరుగుతుందని లేదు. తిరుపతిలో ప్రధాన కార్యాలయం ఉన్న దక్షిణ విద్యుత్ పంపిణీ సంస్థ ఉద్యోగులను ఎవరిని అడిగినా ఆటో స్టార్టర్ పేరెత్తగానే ముఖం చిట్లిస్తారు. లైను ఛార్జి అయిన క్షణమే ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింది ఆప్టోకప్లర్లన్నీ వెలుగును చూస్తాయి, మోటార్లన్నీ ఒకేసారి లేస్తాయి. లేచేటప్పుడు ఒక్కో మోటారు మామూలు కరెంటుకు అయిదారు రెట్లు లాగుతుంది. ఫ్యూజులు ఎగిరిపోతాయి, ఒక్కోసారి ట్రాన్స్‌ఫార్మరే కాలిపోతుంది, వారం రోజులు ఎవరికీ నీళ్లుండవు. తెలంగాణలో 2018 జనవరి నుంచి 24 గంటల ఉచిత కరెంటు ఇచ్చినప్పుడు, భూగర్భ జలం అడుగంటుతుందని అక్కడి ప్రభుత్వం ఆటో స్టార్టర్లు పీకించే పనిలో పడింది. మన వైపు తయారీదారులు వేరే దారి చూశారు: మూడు ఫేజులూ వచ్చాయని తెలిసినా కొంతసేపు ఆగి మోటారు వేసేలా బోర్డులో ఒక గుండీ పెట్టారు. ఒక రైతు రెండు నిమిషాలకు, పక్క రైతు నాలుగు నిమిషాలకు పెట్టుకుంటే గొడవే లేదు. విప్పిన పెట్టెల్లో ఆ గుండీని చూస్తే చాలావరకు సున్నా దగ్గరే తిప్పి ఉంటుంది. పక్క బోరు ముందు లేస్తే తన బోరులో నీళ్లు లాగేస్తుందని ఎవరి భయం వాళ్లది.